ముందు మట్టి, తర్వాతే కూరగాయ: లాలాగూడ పెరటి తోట పాఠం



మా పెరడు చూడటానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, జీవామృతం ఎన్ని రోజులకోసారి పోస్తున్నవ్?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. "మీ నేల మీద ఏం కప్పి ఉంది?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. నాలుగేళ్ల కింద నా దగ్గర కూడా లేదు. అది తెలియకనే ఒక ఏడాది పంట, ఇంట్లో ఆవిడ నమ్మకం రెండూ పోగొట్టుకున్నా. మీరు ఆ ఏడాది పోగొట్టుకోవద్దనే ఈ పాఠం.

నేను రైల్వే ఉద్యోగిని. నిజాం కాలం నుంచి ఉన్న రైల్వే వర్క్‌షాప్ వల్ల మా లాలాగూడలో ఇప్పటికీ పాత క్వార్టర్లు, వాటి వెనక కొంచెం ఖాళీ జాగా కనిపిస్తాయి. 2021 మే నెలలో మేము ఈ ఇంట్లోకి వచ్చాం. వెనక 24 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు నేల. అంటే సరిగ్గా 40 గజాలు. ఒక మూల స్నానాల గది గోడ వెనక పాత జామచెట్టు. మిగతాదంతా బోడి నేల. పైన ఎర్ర మొరం, లోపల ఇటుక ముక్కలు, ఎప్పుడో పారబోసిన సున్నం, సిమెంటు పెళ్లలు. గడ్డపార వేస్తే టంగుమని మోగేది.

మొదటి ఏడాది చేసిన తప్పు

వీడియోలు చూసి నేర్చుకున్న ఉత్సాహం నాది. మృగశిర కార్తె రాగానే చిన్న చిన్న గుంతలు తీసి వంగ, టమాట, మిరప నారు పెట్టేశా. 20 లీటర్ల డబ్బాలో జీవామృతం కలిపి ప్రతి ఆదివారం డబ్బాకు డబ్బా పోశా. మా ఆవిడది సూర్యాపేట దగ్గర పల్లె, వ్యవసాయం చేసిన ఇల్లు. ఆమె మొదట్లోనే అంది. "గట్టి నేల మీద గవన్నీ పోస్తే ఏం లాభం? ముందు పెంట తోలాలె." పుస్తకం చదివినోడిని నేను, వింటానా?

పోసిన జీవామృతం నేలలోకి దిగలేదు. పైన అట్టకట్టింది. బెల్లం వాసనకు చీమలు, పేడ వాసనకు ఈగలు, వాటితో పాటు పక్కింటివాళ్ల మాటలు. వాన పడితే నీళ్లు నిలిచేవి, రెండు రోజులు ఎండ కాస్తే నేల పగుళ్లు తీసేది. టమాట మొక్కలు జానెడు ఎత్తులోనే ఆగిపోయాయి. వంగ ఆకులు పసుపు పచ్చగా మారాయి. ఆగస్టు చివరికి బతికినవి నాలుగు మిరప మొక్కలు. మా ఆవిడ ఏమీ అనలేదు. మళ్లీ సంచి పట్టుకుని తార్నాక వైపు కూరగాయలకు పోవడం మొదలుపెట్టింది. ఏమైనా అన్నా బాగుండేది.

జామచెట్టు చెప్పిన సంగతి

ఆ డిసెంబరులో జామచెట్టు కొమ్మలు నరుకుతూ కింద పార వేశా. పార సగానికి దిగింది. మట్టి నల్లగా, పొడిపొడిగా ఉంది. ఒక్క పారలో ఏడెనిమిది వానపాములు. అదే పెరడు, అదే వాన, అదే మొరం. అక్కడికి నేను చుక్క జీవామృతం పోయలేదు. తేడా ఒక్కటే. గోడ వెనక మూల కావడంతో అక్కడ ఎవరూ ఊడ్వలేదు. ఏళ్ల తరబడి రాలిన ఆకు రాలినచోటే కుళ్లి మట్టయింది. పక్కన పదడుగుల దూరంలో ప్రతి ఏడాదీ శుభ్రంగా ఊడ్చిన నేల రాయిలా ఉంది. వీడియోలో ఆ రెండు గుంతలనూ పక్కపక్కన చూపించాను, రంగు చూడండి.

అప్పుడు అర్థమైంది. జీవామృతం అంటే పెరుగు తోడు లాంటిది. దాంట్లో ఉండేది సూక్ష్మజీవులు, వాటికి ఒకటి రెండు రోజుల తిండి. తోడు వేయాలంటే గిన్నెలో పాలు ఉండాలి కదా. నేలకు పాలు అంటే ఆకు, అలము, గడ్డి, పేడ, వేర్లు. నేను చేసింది ఖాళీ గిన్నెలో తోడు వేసి పొద్దున పెరుగు కోసం మూత తీసి చూడటం. సుభాష్ పాలేకర్ గారు జీవామృతంతో పాటు బీజామృతం, ఆచ్ఛాదన, వాపస అని నాలుగూ కలిపే చెప్పారు. డబ్బాలో కలిపేది సులువు కాబట్టి మనం దాన్ని పట్టుకుని, ఊడ్పు మానేయడం, ఆకు మోయడం లాంటివి వదిలేస్తున్నాం.

ఆకు ఎక్కడ దొరుకుతుంది

పట్నంలో ఆకు ఎక్కడిది అంటారు. శిశిరంలో, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్కసారి ఉస్మానియా యూనివర్సిటీ వైపు నడిచి చూడండి. వేప, కానుగ, రావి చెట్ల కింద రోడ్డు కనిపించనంత ఆకు. చాలాచోట్ల ఊడ్చి కుప్పపెట్టి కాల్చేస్తారు. 2022 ఫిబ్రవరిలో రోడ్డు ఊడుస్తున్న ఒక అమ్మను అడిగా, ఈ కుప్ప నేను ఎత్తుకుపోవచ్చా అని. "ఆకులకు గూడ గిరాకీ వచ్చిందా సారూ?" అని నవ్వి, తనే గోతం పట్టుకుంది. ఆ నెలన్నరలో స్కూటర్ మీద 32 గోతాలు తెచ్చా.

ఆకు తెచ్చేటప్పుడు మూడు జాగ్రత్తలు. ప్లాస్టిక్, గాజు ఏరేయాలి. నీలగిరి ఆకు వద్దు, అది మొలకను అణచివేస్తుంది. వాహనాల నూనె కారిన చోటి ఊడ్పు అసలు వద్దు.

నేల తయారీ, వరుసగా

1. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడుగు లోతున గడ్డపారతో కదిలించి సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు ఏరేశా. ఆ తర్వాత నేను నేలను తవ్వలేదు.

2. మూడడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవుతో నాలుగు మళ్లు చేశా. మధ్యలో అడుగు వెడల్పు దారులు మూడు. రెండు వైపుల నుంచీ చెయ్యి మడి మధ్యకు అందుతుంది, మడిలో కాలు పెట్టే పని లేదు. తొక్కిన నేలలో గాలి ఆడదు. గాలీ తేమా రెండూ ఉండాలనేదే వాపస.

3. మళ్ల మీద రెండంగుళాల మాగిన పశువుల ఎరువు, దానిమీద జానెడు మందం ఎండాకు పరిచి తడిపా. ఎండాకును మట్టిలో కలపొద్దు. కలిపితే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టిలోంచే లాక్కుంటాయి, మొక్క పసుపు రంగుకు తిరుగుతుంది. పైన పరిచితే ఆ బాధ తక్కువ. కిందినుంచి వానపాము, పైనుంచి తేమ, నెమ్మదిగా అదే కలుస్తుంది.

4. జూన్‌లో తొలకరి పడగానే ఆకును పక్కకు జరిపి జనుము, జీలుగ, బొబ్బర్లు కలిపి చల్లా. 45 రోజులకు, పూత మొదలయ్యే ముందు, మొదలుకంటా కోసి మడి మీదే పరిచేశా. వేరు పీకలేదు. వేరు బుడిపెల్లో ఉన్న నత్రజని, వేరు కుళ్లాక మిగిలే సన్నని గొట్టాలు, రెండూ నేలకే కావాలి.

సెప్టెంబరులో పార వేస్తే అరడుగు దాకా తేలిగ్గా దిగింది. అంటే ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఏడు నెలలు ఈ పెరట్లో ఒక్క కూరగాయ కోయలేదు. ఆ ఏడు నెలలూ పండింది మట్టి.

జీవామృతం ఎంత పోయాలి, లెక్క చూడండి

ఎకరానికి 200 లీటర్లు అనేది అందరికీ తెలిసిన లెక్క. 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల నాటు ఆవు పేడ, 10 లీటర్ల దాకా మూత్రం, 2 కిలోల నల్లబెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు మంచి మట్టి. ఎకరం అంటే 4840 గజాలు. నా నాలుగు మళ్లూ కలిపి 240 చదరపు అడుగులు, దాదాపు 27 గజాలు, ఎకరంలో సుమారు 180వ వంతు. అంటే నాకు కావలసింది ఒక్కో విడతకు లీటరు, ఇంకొంచెం. నేను మొదటి ఏడాది పోసింది వారానికి 20 లీటర్లు!

ఇప్పుడు నేను కలిపేది 5 లీటర్లే. పేడ పావుకిలో, మూత్రం పావులీటరు, బెల్లం 50 గ్రాములు, శనగపిండి 50 గ్రాములు, జామచెట్టు కింది మట్టి చిటికెడు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందు రాత్రి బకెట్లో మూత లేకుండా ఉంచి వాడతా. నీడలో, పైన గోనెపట్టా కప్పి, 48 గంటలు. పొద్దున సాయంత్రం కుడివైపుకు రెండు నిమిషాలు కలపాలి. పదిహేను రోజులకోసారి లీటరున్నర తీసి పది లీటర్ల నీళ్లలో కలిపి, ఆకు మీద తడిగా ఉన్నప్పుడు సాయంత్రం పూట పోస్తా. మిగిలింది జామ, కరివేపాకు, మునగ మొదళ్లకు, ఆకు కుప్పకు. ఆవు దొరకనివాళ్లు దిగులుపడొద్దు. తోడు కొంచెం ఆలస్యమైనా పాలుంటే ఎప్పటికైనా పెరుగవుతుంది. ఆకు వేయడం మాత్రం ఆపొద్దు.

ఇంకో జాగ్రత్త కూడా పాటిస్తున్నాం. జీవామృతాన్ని కొత్తిమీర, పాలకూర, పుదీనా ఆకుల మీద పిచికారీ చేయం, మొదట్లో నేలకే పోస్తాం. కోతకు ముందు నెల అదీ ఆపేస్తాం. పచ్చి పేడలో మనిషికి జబ్బు చేసే క్రిములు ఉండొచ్చు. అమెరికా సేంద్రియ నియమాల్లో, మట్టికి తగిలే పంటకు పచ్చి పేడ వేసిన తర్వాత 120 రోజుల దాకా కోత లేదు. ప్రకృతి పంట అని కడగకుండా తినడం మంచిది కాదు.

ఏ కాలంలో ఏం వేయాలి

తొలకరికి బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, సొర, వంగ నారు. బెండ వరుసల మధ్య అడుగున్నర, వంగ మొక్కకూ మొక్కకూ రెండడుగులు. పందిరి చిక్కుడు జూలైలో పెట్టినా చలికాలం పొద్దు తగ్గితేనే పూతకొస్తుంది, తొందరపడి పీకెయ్యకండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో టమాట, పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి. ఎండాకాలం కొత్తిమీర వేస్తే ఆకు రాకముందే పూతకు పోతుంది. అప్పుడు తోటకూర, బచ్చలి, గంగవాయల కూర నమ్ముకోండి. గోంగూర దాదాపు ఎప్పుడైనా వస్తుంది.

తీగ పందిరి ఎప్పుడూ పెరటికి ఉత్తరం వైపు వేయాలి. మనకు చలికాలం పొద్దు దక్షిణం వాలుగా ఉంటుంది. దక్షిణాన పందిరి వేస్తే దాని నీడ వెనక టమాట కాయదు.

మొదటిసారి వేసేవాళ్లు ఆకుకూరలతోనే మొదలుపెట్టండి. తోటకూర 25, 30 రోజుల్లో చేతికొస్తుంది. పండకపోయినా పోయేది గుప్పెడు విత్తనం, తప్పు ఎక్కడ జరిగిందో నెలలోనే తెలుస్తుంది. వంగ అయితే ఆ సంగతి నాలుగు నెలలకు తెలుస్తుంది.

పురుగు వస్తే

నేల బాగుంటే పురుగు రాదని కొందరంటారు. వస్తుంది. మా వంగలో కొమ్మ, కాయ తొలిచే పురుగు ప్రతి ఏడాదీ ఉంది. చివరి కొమ్మ వాడి వేలాడగానే, రెండంగుళాలు కిందికి తుంచి, సబ్బు నీళ్లలో ముంచేయాలి. ఆకు కుప్పలో పడేస్తే మనమే దాన్ని పెంచినట్టు. బెండలో పల్లాకు తెగులు తెల్లదోమ మోసుకొస్తుంది. ఆకు ఈనెలు పసుపెక్కిన మొక్క కనిపించిన రోజే పీకేయండి, జాలి వద్దు. పేనుబంకకు, చిన్న పురుగులకు నీమాస్త్రం. 10 లీటర్ల నీళ్లు, అరకిలో దంచిన వేపాకు, అరకిలో పేడ, అరలీటరు మూత్రం, 24 గంటల తర్వాత వడకట్టి సాయంత్రం కొట్టాలి. తినే ఆకుకూర మీద మాత్రం ఇదీ వద్దు, చేత్తో ఏరుకోవడమే. మడి అంచుల్లో బంతి, బొబ్బర్లు ఉంటే అక్షింతల పురుగులు వచ్చి పేనుబంకను తింటాయి.

ఆకు కప్పడంలో ఇబ్బందులూ ఉన్నాయి. వానాకాలం దానికింద నత్తలు చేరతాయి, రాత్రి టార్చి పట్టుకుని ఏరాలి. మొక్క మొదలుకు ఆనించి ఆకు వేస్తే మొదలు కుళ్లుతుంది, మూడంగుళాలు ఖాళీ వదలండి. ఎండాకాలం ఆకు పూర్తిగా ఎండిపోతే చెదలు పడతాయి, రోజుమార్చి రోజు తడి చల్లండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మడికి మంచివి. సబ్బు నీళ్లు మాత్రం మళ్లలోకి రానీయొద్దు.

పెరడు ఎంత ఇస్తుంది

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. మా పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్లు 2024లో విడుదల చేసిన ఆహార సూచనల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. మా ఇంట్లో నలుగురం. రోజుకు కిలో ఆరు వందలు, ఏడాదికి 584 కిలోలు. ఎకరానికి 10 టన్నులు పండిందనుకున్నా నా మళ్లలో పంటకు 56 కిలోలు. ఏడాదికి మూడు పంటలు తీసినా 170 దాటదు. పోయిన ఏడాది మా ఆవిడ నోటు పుస్తకంలో రాసిన మొత్తం 140 కిలోలకు కొంచెం తక్కువ. అంటే మా అవసరంలో నాలుగో వంతు. చిన్న పెరటితో ఇంటికి కావలసినదంతా పండుతుందని ఎవరైనా చెప్తే ఈ లెక్క వేసి చూడండి.

అయితే ఆ నాలుగో వంతు ఏది అన్నదే ముఖ్యం. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, క్యాబేజీ బయట కొంటాం. ఆకుకూర, పచ్చిమిర్చి, కరివేపాకు, తీగ కూరలు పెరట్లోవి. కోసిన అరగంటలో పొయ్యి మీదికి వచ్చేవి, బయట కొంటే ఏం కొట్టారో తెలియనివి. రెండేళ్లుగా మేము ఆకుకూర కొనలేదు.

ఆ సంస్థ గురించి ఒక మాట. దాని మూలం తార్నాక కాదు. మన ఉస్మానియా యూనివర్సిటీ పుట్టిన 1918లోనే, నీలగిరి కొండల్లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు మొదలుపెట్టిన చిన్న విభాగం అది. 1958లో హైదరాబాదుకు మారింది. మెకారిసన్ 1920లలోనే పశువుల ఎరువుతో పండిన ధాన్యాన్ని, రసాయన ఎరువుతో పండినదాన్ని పోల్చి, పశువుల ఎరువు పంటలో పోషక విలువ మెరుగని రాశాడు. ఆ ఒక్క పరిశోధనతో అంతా తేలిపోయిందని నేను అనను. కాని పళ్లెంలో ఉన్నదాన్ని పరీక్షించే వైద్యుడు మట్టి దాకా వెళ్లి చూశాడన్నది నాకు ముఖ్యం.

మన నేల కానప్పుడు

వచ్చే ఏడాది మార్చి నెలాఖరుకు నా ఉద్యోగ విరమణ. క్వార్టర్ ఖాళీ చేయాలి. ఒక మిత్రుడు అడిగాడు. "వదిలిపొయ్యే జాగకు ఇంత చాకిరీ ఎందుకే?" నేను అతన్ని జామచెట్టు దగ్గరికి తీసుకుపోయా. అది పెట్టిందెవరో నాకు తెలియదు. వాళ్లు వదిలిపోయిన చెట్టు కిందే నేను ఈ పాఠం నేర్చుకున్నా. వాళ్లు కాయలన్నీ తిని, పోయేముందు చెట్టు కొట్టేసి ఉంటే, నేను ఇప్పటికీ మొరం మీద జీవామృతం పోస్తూ ఉండేవాణ్ణేమో.

ఈ ఫిబ్రవరిలో కూడా ఆకు గోతాలు తెస్తా. మార్చిలో మళ్ల నిండా పరిచి, తడిపి, తాళం అప్పజెప్తా. వచ్చేవాళ్లకు ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసి పెడతా, ఊడ్వొద్దు అన్నది అందులో మొదటిది. వాళ్లు వింటారో లేదో వాళ్లిష్టం. మా ఆవిడ మాత్రం మూడు గోతాల మట్టి ఊరికి తీసుకుపోతానంటోంది, కొత్త ఇంటి పెరటికి తోడు వేయడానికి.

మీరు ఈ ఆదివారం చేయాల్సిన పని ఒకటే. మీ పెరట్లో రెండుచోట్ల, ఊడ్చే చోట ఒకటి, ఆకు రాలే చోట ఒకటి, జానెడు లోతు గుంత తీయండి. రెండింట్లో ఒక్కో చెంబు నీళ్లు పోసి ఏది ముందు ఇంకుతుందో గడియారం చూసి రాసుకోండి. వానపాములు లెక్కపెట్టండి. ఆ తర్వాతే విత్తనాల కొట్టుకు వెళ్లండి.